మూతకళ్ళ ఇంట్లో ఒక ఫొటో

మేస్త్రి ఇంటి ముందుగది గోడ నిండా ఫొటోలే. అన్నిట్లోనూ మనుషులు నిద్రపోతున్నట్టే ఉంటారు.

పెళ్ళయిన ఏడాదికి తీయించుకున్న ఫొటోలో మేస్త్రీ ఆయన భార్యా పక్కపక్కనే నిలబడి నిద్రపోతున్నారు. కొడుకు బడిలో పరుగుపందెం కప్పు అందుకుంటూ నిద్రపోతున్నాడు. కప్పు ఇస్తున్న పెద్దమనిషి ఒక్కడే మెలకువగా ఉన్నాడు. ఏడాది పిల్లగా ఉన్న కూతురు నాన్న ఒళ్ళో కూర్చుని, నాన్నతో పాటే కళ్ళు బిగించింది. అన్నిటికంటే పెద్దది కొడుకు పెళ్ళినాటి గ్రూపు ఫొటో. ఇంటిల్లిపాదీ, షాపులో పనివాళ్ళతో సహా, రెండు వరసల్లో నిలబడి కళ్ళు మూసుకున్నారు. మధ్యలో పెళ్ళికూతురు ఒక్కతే, దారితప్పి ఎవరింటికో వచ్చినదానిలా, కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

చుట్టాలు అడిగితే ఇంట్లో జవాబు సిద్ధంగా ఉండేది.

"మా వంశంలో కళ్ళు సున్నితం. ఫ్లాష్ పడదు."

మేస్త్రి వెల్డింగ్ చేసి బతికే మనిషి. పొద్దస్తమానం నిప్పురవ్వల మధ్య ఉండే కళ్ళు ఒక చిన్న ఫ్లాషుకి ఎందుకు జడుస్తాయని ఎవరూ అడగలేదు. కొందరు మర్యాద కోసం ఊరుకున్నారు. మిగతావాళ్ళకి ఇంకొకళ్ళ గోడ మీద అంత ఆసక్తి లేదు.

ఆ ఇంటికి ముందు భాగం షాపు, వెనక భాగం కాపురం. షాపులో గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తారు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకి తగిలించే ముందు మేస్త్రి "రెడీ" అని కేకేస్తాడు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకోవాలి. పని కాగానే "అయింది" అంటాడు. అప్పుడు తెరవాలి. ఒకప్పుడు మేస్త్రి తమ్ముడు ఆ వెలుగుని తేరిపార చూసి, కళ్ళలో ఇసుక పోసినట్టయి, కొన్నాళ్ళు గోడ పట్టుకుని నడిచాడు. అప్పుడు పెట్టిన నియమం అది. షాపుకీ వంటింటికీ మధ్య తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది కాబట్టి నియమం ఇంట్లోకి కూడా వచ్చేసింది. "రెడీ" వినగానే కూరలో ఉప్పు వెయ్యబోతున్న అమ్మ చెయ్యి గాల్లో ఆగేది. పిల్లలు నడక రాకముందే ఆ మాటకి కళ్ళు మూయడం నేర్చారు. మేస్త్రి కూడా, చిన్న చిన్న అతుకులు వేసేటప్పుడు నల్లద్దం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక, తన కేకకి తనే కళ్ళు మూసుకుని రాడ్డు ఆనించేవాడు. ఇదంతా వాళ్ళకి ఊపిరి పీల్చడం లాంటిది. ఊపిరి పీలుస్తున్నామని ఎవరూ ఒకరికొకరు చెప్పుకోరు.

కూతురికి ఒక మంచి పేరుంది. అది కాగితాల మీద ఉంది. పిలిచేది మాత్రం హడావుడి అనే. పుట్టేటప్పుడు కూడా డాక్టరు చేతులు కడుక్కునేలోపే పుట్టేసిందని అమ్మ చెబుతుంది. ఇప్పుడు ఒక కొరియర్ ఆఫీసు కౌంటర్లో పని. పార్శిల్ రాగానే తూకం వేసి, ఫోనుతో ఫొటో తీసి, చీటీ అంటించి, వెనక్కి తోసేయాలి. ఆమె ఫొటో తీసే వేగానికి కౌంటర్ ముందు ఎప్పుడూ వరస ఉండేది కాదు. మేనేజరుకి మాత్రం ఒకటే బాధ.

"ఇది పార్శిలా, నీ బొటనవేలా?"

"వెనకాల పార్శిల్ కూడా ఉంది సార్. సరిగ్గా చూడండి."

"ఉందమ్మా. పారిపోతున్నట్టుంది."

ఎవరూ ఆ ఫొటోలు మళ్ళీ చూడరని ఆమెకి తెలుసు. మేనేజరుకీ తెలుసు. కాబట్టి గొడవ ఎప్పుడూ అక్కడితో ఆగేది.

మేస్త్రి కుడికంట్లో ఒక పక్క నీడ పడుతోందని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పైకి కన్ను నిక్షేపంలా ఉంది. లోపల గడ్డ ఉందని డాక్టరు చెప్పింది. గడ్డతో పాటు కన్నూ తీసేయాలి, లేకపోతే మనిషికే ముప్పు. వచ్చే వారం గురువారం రమ్మంది. మేస్త్రి అంతా విని, "ఒకటి ఉంటుందిగా?" అని అడిగాడు. ఉంటుందంది. "సరే అయితే," అని లేచి, బయటికొస్తూ ఆసుపత్రి మెట్ల రెయిలింగుని ఊపి చూసి, "అతుకులు సరిగా పడలేదు," అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ గోడ ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత కూతుర్ని పిలిచింది.

"ఇన్ని ఉన్నాయి కదే. ఒక్కదాంట్లో అయినా మీ నాన్న కళ్ళు కనపడుతున్నాయా?"

"కార్డు మీద ఉన్నాయిగా అమ్మా."

గుర్తింపు కార్డు మీద నిజంగానే మేస్త్రి కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గోరంత ఫొటో, బూడిద రంగు.

"అందులో ఉన్నది మీ నాన్న కాదు. ఎవరో పట్టుబడ్డ దొంగ," అంది అమ్మ. "ఇన్నేళ్ళూ ఆ రెండు కళ్ళని చూస్తూ కాపురం చేశాను. ఆ కన్ను పోయాక అది ఎట్లా చూసేదో మర్చిపోతానేమోనని భయంగా ఉంది. మూసుకున్నవి చాలా ఉన్నాయి. నాకు తెరిచింది ఒక్కటి కావాలి. గురువారం లోపల."

అమ్మ ఇంతవరకూ పిల్లల్ని ఏదీ అడగలేదు. చెప్పడమే తప్ప అడగడం ఆమెకి అలవాటు లేదు. అందుకే హడావుడికి భయం వేసింది. భయం వేసినప్పుడు ఆమె ఇంకా తొందరపడుతుంది.

ఆ నిమిషమే నాన్నని గుమ్మంలో నిలబెట్టి, ఫోన్ తీసి, "నాన్నా, రెడీ!" అని వేలు తీయకుండా నొక్కింది. ఫోన్ టపటపా కొట్టుకుంది. తర్వాత చూస్తే ఆ ఫొటోలన్నీ ఒకటే ఫొటో. అన్నిట్లో మేస్త్రి ప్రశాంతంగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒకదాంట్లో ఈగ వచ్చింది. తర్వాతదాంట్లో వెళ్ళిపోయింది. కళ్ళు మాత్రం కదల్లేదు.

"ఎన్ని తీశావే?" అని అన్నయ్య తొంగిచూశాడు.

"చాలానే తీశాను."

"నాన్న అన్నీ ఒకేలా దిగాడు. మనిషంటే అట్లా ఉండాలి, నిలకడగా."

"పోరా."

ఆ వారమంతా ఆమె నాన్న వెంటపడింది. భోజనం దగ్గర, కుళాయి దగ్గర, చెప్పులు వేసుకుంటున్నప్పుడు. ప్రతిసారీ గబగబా వచ్చి, "రెడీ" అని, నొక్కి, చూసి, తిట్టుకుని వెళ్ళిపోయేది. ఫోన్ నిండిపోయిందని ఫోనే చెప్పింది. తప్పు ఫోనుదని తేల్చుకుని, అసలైన కెమెరా కావాలని స్టూడియోకి వెళ్ళింది.

స్టూడియో వీధి చివర ఉంది. దాని యజమానిని అందరూ నిదానం అంటారు. పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసం ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి దరఖాస్తు గడువు దాటిపోయేదని చెప్పుకుంటారు. ముందు కుర్చీ జరుపుతాడు. చూస్తాడు. మళ్ళీ మొదటి చోటుకే జరుపుతాడు. కిటికీ తెర లాగుతాడు. దిగేవాడు విసుగెత్తి, ముస్తాబు ముఖం వదిలేసి, సొంత ముఖం పెట్టుకున్నాక అప్పుడు నొక్కుతాడు. దీన్ని జనం బద్ధకం అన్నారు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి కాబట్టి ఆయన కాదనలేదు. వ్యాపారం మాత్రం ఎప్పుడో పక్క వీధిలోని, నొక్కగానే ప్రింటు ఇచ్చే కుర్రాళ్ళ దగ్గరికి పోయింది.

హడావుడి అన్నయ్య పెళ్ళి ఫొటోలు తీసింది ఈయనే.

"మూతకళ్ళ వాళ్ళ అమ్మాయివి కదూ?" అన్నాడు చూడగానే. "మీ వాళ్ళ పెళ్ళి తర్వాత నేను పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. నా చేతిలోనే ఏదో దోషం ఉందనుకున్నాను."

ఆమె సంగతంతా ఒక్క గుక్కలో చెప్పింది. ఆయన విన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. బహుశా విన్నది లోపలికి చేరడానికి ఆయనకి అంత సమయం పట్టింది. తర్వాత బీరువా తెరిచి ఒక పాత కెమెరా తీశాడు. నల్లగా, బరువుగా, ఇటుకలా ఉంది. తీసింది చూపించడానికి వెనక చిన్న తెర ఉంది.

"ఇది ఒకసారి నొక్కితే ఒకటే తీస్తుంది. మళ్ళీ నొక్కాలంటే మళ్ళీ ఆలోచించుకోవాలి. తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తాను. ఎక్కడ నొక్కాలి?"

"అది చివర్లో చెబుతాను. ముందు చూడ్డం చెబుతాను."

"మాస్టారూ, గురువారం లోపల కావాలి."

"అందుకే తొందరపడకు."

స్టూడియో వెనక పెరట్లో కారుతున్న కుళాయి ఒకటుంది. దాని ముందు ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టాడు. టీ తెచ్చి చేతికిచ్చాడు. టీ అయ్యేదాకా కెమెరా ముట్టుకోకూడదు. ఆ కుళాయిని చూడాలి. అయ్యాక ఒకటే ఫొటో తీసి ఇంటికి వెళ్ళాలి. ఆమె టీ గటగటా తాగేసి నాలుక కాల్చుకుంది.

"అయిపోయింది మాస్టారూ."

"ఏం చూశావ్?"

"కుళాయి."

"ఎటు తిరిగి ఉంది?"

ఆమె వెనక్కి తిరిగి చూడబోయింది. ఆయన ఇంకో టీ తెచ్చాడు.

మర్నాడు సాయంత్రం కౌంటర్ మూసి వచ్చేసరికి స్టూలు అక్కడే ఉంది, కుళాయి కూడా. ఈసారి టీ చల్లారిపోయింది. చుక్క ఊడిపడే ముందు కాసేపు వేలాడుతుందని, అప్పుడు దాంట్లో పెరటి గోడ తలకిందులుగా కనపడుతుందని ఆమె చూసింది. ఇంత చిన్న విషయం చూడ్డానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలియక కొంచెం చిరాకు కూడా పడింది. కెమెరా ఎత్తింది. చుక్క వేలాడే దాకా ఆగింది. "రెడీ," అని నొక్కింది.

వచ్చిన ఫొటోలో కుళాయి ఉంది. చుక్క లేదు. అది అప్పటికే పడిపోయింది.

నిదానం పక్కనుంచి అంతా చూశాడు.

"కుళాయికి కూడా చెబుతావా రెడీ అని?"

"అలవాటు మాస్టారూ. ఫొటో అంటే అనాలి కదా."

"అనుకో, దానికేం. కానీ నొక్కేటప్పుడు నువ్వెందుకు కళ్ళు మూసుకుంటున్నావ్?"

"నేనా? లేదే."

"మళ్ళీ తియ్యి."

ఆమె మళ్ళీ తీసింది.

"మూశావ్," అన్నాడు నిదానం. "అందుకే నీకు చుక్క ఎప్పుడు పడిందో తెలీలేదు. మూడో కన్నుతో తీస్తున్నావేమో అనుకున్నాను. అదైనా తెరిచి ఉండాలిగా."

ఆ మాట ఆమెకి రుచించలేదు. ఫొటో తీసేవాడు ఫొటో తీసే క్షణాన్ని చూడకపోవడం, వంట చేసేవాడు నోరు కట్టేసుకున్నట్టు. కెమెరా సంచిలో వేసుకుని ఇంటికెళ్ళే దారంతా అదే ఆలోచించింది. కౌంటర్లో రోజూ బోలెడన్ని పార్శిళ్ళు తీస్తుంది. అప్పుడు కళ్ళు మూసుకుంటున్నట్టు గుర్తు లేదు. బొటనవేలు అడ్డం వచ్చిందని కళ్ళారా చూసి కూడా నొక్కేస్తుంది. పార్శిల్‌కీ కుళాయికీ తేడా ఏమిటి? పార్శిల్‌కి ఆమె ఏమీ చెప్పదు.

ఇంటికొచ్చేసరికి అందరూ భోజనాలకి కూర్చున్నారు. నాన్న, అమ్మ, అన్నయ్య ఒక పక్క. ఎదురుగా వదిన గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. హడావుడి గుమ్మంలోనే ఆగి, తలుపు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకోనని ఒట్టు పెట్టుకుని అంది:

"రెడీ!"

కళ్ళు మూతపడుతుంటే బలవంతంగా తెరిచింది. నాన్న ముద్ద నోటిదగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అన్నయ్య నీళ్ళ గ్లాసు ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. అమ్మ మూసుకుంది. ఎవరూ కదలడం లేదు. వదిన ఒక్కతే గిన్నెతో నిలబడి, ఒకరి తర్వాత ఒకరిని చూసి, చివరికి ఆడపడుచుని చూసింది.

"ఏమైంది?" అంది వదిన.

"అయింది," అంది హడావుడి.

ముగ్గురూ కళ్ళు తెరిచి భోజనం సాగించారు. ఏమీ జరగనట్టే. వాళ్ళకి నిజంగానే ఏమీ జరగలేదు.

"వదినా, వీళ్ళిట్లా చేస్తారని నీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? పెళ్ళిరోజునుంచీ చూస్తున్నా."

"మరి చెప్పవేం?"

"నాకేం తెలుసు? షాపులో వెలుగుకి మూస్తారు సరే, ఫొటో దిగేటప్పుడు మీ ఇంట్లో దేవుణ్ణి తలుచుకుంటారేమో అనుకున్నాను. నన్నెవరూ తలుచుకోమనలేదు, సరే కొత్తదాన్ని కదా అని ఊరుకున్నా. తర్వాత అడిగితే బావుండదని ఊరుకున్నా."

హడావుడి అప్పుడు విషయం చెప్పింది. షాపులో "రెడీ" అంటే మూసుకోవాలి. ప్రతి ఫొటోగ్రాఫరూ నొక్కే ముందు అదే మాట అంటాడు. కార్డు ఫొటో తీసినవాడు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ ఏమీ అనకుండా నొక్కాడు, అందుకే దాంట్లో ఒక్కదాంట్లోనే తెరుచుకున్నాయి. అన్నయ్య లేచి ముందుగదిలోకి వెళ్ళి, గోడ చూసి తిరిగొచ్చాడు.

"అంటే మన వంశంలో కళ్ళు బాగానే ఉన్నాయా?" అన్నాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు.

మేస్త్రి మాత్రం సంతోషించాడు. కారణం తెలిసిన లోపం సగం బాగైనట్టే అని ఆయన పనిలో లెక్క. "ఇంకేం, ఆ మాట అనకుండా తీసెయ్," అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి దీపం కింద నిలబడ్డాడు. ఆమె కెమెరా ఎత్తింది. నోరు మూసుకుంది. ఊపిరి కూడా బిగబట్టింది. నాన్న కూతురికి సాయం చేద్దామని, ఛాతీ విరిచి, గట్టిగా అన్నాడు:

"రెడీ!"

అని కళ్ళు మూసుకున్నాడు.

"నాన్నా, నువ్వూ అనకూడదు!"

"మరి నేను సిద్ధంగా ఉన్నట్టు నీకెట్లా తెలుస్తుంది?"

"నేను చూస్తానుగా."

ఇంకోసారి నిలబడ్డాడు. ఈసారి అనలేదు. అనకుండా ఉండడానికి పెదాలు బిగించాడు, కళ్ళు మూసుకోకుండా ఉండడానికి కనుబొమలు పైకి లేపాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ఆమె కెమెరాలోంచి చూసింది. కళ్ళు రెండూ తెరుచుకునే ఉన్నాయి. వాటి వెనక ఉన్నది పట్టుబడ్డ దొంగ.

పాత హడావుడి అయితే నొక్కేసేదే. అడిగింది తెరిచిన కళ్ళు, ఇవిగో కళ్ళు, పని అయిపోయింది. ఆమె వేలు మీట మీదే ఉంది. అమ్మ పక్కనే నిలబడి తీశావా, తీశావా అని అడుగుతోంది. ఆమె కెమెరా దించేసింది.

"ఇప్పుడు కాదు."

"అదేంటే? తెరిచే ఉన్నాయిగా? ఎల్లుండే గురువారం!"

"కార్డు మీది లాంటిదే వస్తుందమ్మా. అది ఎలాగూ ఉందిగా నీ దగ్గర."

అమ్మ ఆ రాత్రి కూతురితో మాట్లాడలేదు.

మర్నాడు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజుకి ముందు రోజు, హడావుడి కౌంటర్‌కి సెలవు పెట్టింది. మేనేజరు కారణం అడిగితే ఫొటో తీయాలని చెప్పింది. "ఒక్క ఫొటోకి ఒక రోజా?" అని ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "నువ్వేనా మాట్లాడేది?" అని కూడా అడిగాడు.

షాపులో ఆ రోజు పెద్ద వెల్డింగ్ లేదు. ఒక గేటు అప్పజెప్పాలి. అతుకులన్నీ అన్నయ్య ముందురోజే వేశాడు. ఊచల వంకర చూసి సరిచేయడం మేస్త్రి పని. ఆ పని ఆయన ఇంకెవరికీ ఇవ్వడు. హడావుడి గోడ వారగా స్టూలు వేసుకుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీ కూడా తెచ్చుకుంది.

మొదట్లో మేస్త్రి పని చేస్తున్నట్టు నటించాడు. ప్రతి ఊచ దగ్గరా ఒకసారి ఆగి, కూతురివైపు చూసి, పెదాలు బిగించేవాడు. ఆమె కెమెరా ముట్టుకోలేదు. టీ తాగింది. రేకుల కప్పులో చిల్లులున్నాయి, వాటిలోంచి ఎండ నాణేల్లా నేల మీద పడుతోంది. ఆ నాణేలు ఒకదాని తర్వాత ఒకటి జరిగి గేటు కాళ్ళ మీదికి ఎక్కడం ఆమె చూసింది. ఈ షాపులో పుట్టి పెరిగింది. ఇవి జరుగుతాయని ఆమెకి తెలియదు. ఎవరో ఎప్పుడూ ఇక్కడ రెడీ అంటూనే ఉన్నారు.

"ఎంతసేపు కూర్చుంటావే?" అన్నాడు మేస్త్రి.

"నా ఇష్టం."

"పని లేదా?"

"ఇదే పని."

"మంచి పనే దొరికింది," అని ఆయన గేటువైపు తిరిగాడు. కాసేపటికి కూతురు కూడా షాపులో ఒక సామాను అయిపోయింది. పక్కనే డ్రిల్లు ఉంది, దాని పక్కన కూతురు ఉంది.

మధ్యాహ్నం దాటాక మేస్త్రి ఒక పొడవాటి ఊచ తీసి, కొస కంటికి ఆనించి, ఎడమకన్ను మూసుకుని దాని పొడవునా చూశాడు. ఆయన ఎప్పుడూ అట్లాగే చూస్తాడు. కుడికన్నే ఆయన కొలబద్ద. హడావుడి చెయ్యి కెమెరా మీదికి వెళ్ళింది. కానీ ఒక కన్నే తెరిచి ఉంది. చేతిని ఒళ్ళోకి తెచ్చుకుంది. మేస్త్రి ఊచ దించాడు. దించి, ఎందుకో మళ్ళీ ఎత్తాడు. ఈసారి కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చూశాడు. రేపటినుంచి ఎట్లా ఉంటుందో చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ఊచని కొంచెం ఇటు తిప్పి, కొంచెం అటు తిప్పి, మెడ వంచి చూశాడు. మళ్ళీ కుడికంటితో. మళ్ళీ ఎడమకంటితో. ఏ కంటికి వంకర కనపడిందో, ఏ కంటికి కనపడలేదో ఆయన ముఖంలో తెలియలేదు.

ఆమె కెమెరా ఎత్తింది. ఎత్తి, నొక్కలేదు. అద్దంలోంచి నాన్నని చూస్తూ ఉండిపోయింది. చెయ్యి నొప్పి పుట్టింది. మాస్టారి కుళాయి గుర్తొచ్చింది. చుక్క వేలాడుతున్నప్పుడు కాదు తొందర, అది వేలాడుతుందని ముందే తెలియాలి.

మేస్త్రి ఊచని మెల్లగా భుజం మీదికి దించుకున్నాడు. రెండు కళ్ళూ తెరిచి ఊరికే గాల్లోకి చూశాడు. అప్పుడు డ్రిల్లు పక్కన ఏదో ఉన్నట్టు గుర్తొచ్చి తల తిప్పాడు. కూతురు కనపడింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ?" అన్నాడు.

ఆమె నొక్కింది. నోట్లోంచి మాట రాలేదు. ఆమె కళ్ళు రెండూ తెరిచే ఉన్నాయి. ఫొటో తీస్తూ ఫొటోని చూడ్డం ఆమెకి అదే మొదలు.

రెండోది తీయలేదు.

నిదానం ఆ ఫొటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన విషయంలో దాన్ని మెచ్చుకోలు కింద తీసుకోలేం. తర్వాత ప్రింటు తీయడానికి లేచాడు, లేచి లోపలికి పరిగెత్తాడు. మోకాళ్ళు ఉన్నాయన్న సంగతి దారిలో గుర్తొచ్చి మూలిగాడు. చీకటి పడకముందే ప్రింటు ఆమె చేతిలో పెట్టాడు. వీధిలో ఎవరూ నమ్మలేదు.

అమ్మ ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. భుజం మీద ఊచ, మాసిన చొక్కా, రెండు కళ్ళూ. కుడికంటి కొసన చిన్న నవ్వు మడత ఉంది. అది ఎడమకంటికి లేదు. ఇంట్లో అమ్మకి తప్ప ఎవరికీ తెలియని తేడా అది. ఫొటోకి తెలిసిపోయింది.

"గడ్డం గీసుకోలేదు," అంది అమ్మ.

"తీసింది పనిలో కదమ్మా."

"గీసుకోమని చెప్పాల్సింది." ఫొటోని చెంగుతో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు. తర్వాత దాన్ని గోడకి తగిలించనివ్వలేదు. అక్కడ అందరూ నిద్రపోతున్నారు, మధ్యలో ఈయన్ని లేపి కూర్చోబెట్టడం దేనికని, తన బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. ఆ బీరువా తాళం తన దగ్గరే ఉంటుంది.

గురువారం మేస్త్రిని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు డాక్టరు పలకరింపుగా, "రెడీయా పెద్దాయనా?" అంది. మేస్త్రి వెంటనే కళ్ళు మూసుకున్నాడు. ఎంత నమ్మకమో చూడండి అని డాక్టరు నర్సుతో అంది.

పని అయ్యాక బయటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. కుడికంటి మీద తెల్లటి కట్టు. మత్తు దిగే వేళ దాటింది. నర్సు వచ్చి, "పెద్దాయనా, ఎడమకన్ను తెరవండి," అంది. ఆయన తెరవలేదు. భుజం తట్టింది. పేరు పెట్టి పిలిచింది. ఆయన వింటూనే ఉన్నాడు, వేళ్ళు దుప్పటి అంచుని నలుపుతున్నాయి, కానీ కన్ను తెరవడం లేదు. అన్నయ్య ముఖం పాలిపోయింది. అమ్మ గోడకి ఆనుకుంది. నర్సు డాక్టరుని పిలవడానికి గుమ్మందాకా వెళ్ళింది.

హడావుడి తొందరపడలేదు. మంచం దగ్గరికి స్టూలు జరుపుకుని కూర్చుంది. నాన్న ముఖంలోకి చూసింది. పెదాలు బిగించి లేవు, కనుబొమలు లేచి లేవు. భయం ఏమీ లేదు. పక్కవాడి పని ముగిసేదాకా ఓపికగా నిలబడ్డ మనిషి ముఖం అది. ఆమె చెవి దగ్గరికి వంగింది.

"అయింది నాన్నా," అంది.

మేస్త్రి కన్ను తెరిచాడు.